నాలుగు హోల్డ్‌లు, ఒక రిజిస్ట్రేషన్: ఏది ముందు తీయించుకోవాలో నేర్పిన ఒక ఎంఎస్ విద్యార్థి కేసు

అమెరికాలో ఆగస్టులో చేరిన ఎంఎస్ విద్యార్థికి మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ సాధారణంగా సాఫీగానే అయిపోతుంది. తంటా అంతా అక్టోబరు, నవంబరుల్లో స్ప్రింగ్, అంటే జనవరిలో మొదలయ్యే రెండో సెమిస్టర్ కోర్సులు తీసుకునేటప్పుడు మొదలవుతుంది. చేరేటప్పుడు ఇవ్వాల్సిన కాగితాలు ఒకటీ అరా తక్కువైనా, అప్పుడే విమానం దిగిన విద్యార్థిని ఆపడం ఇష్టంలేక చాలా యూనివర్సిటీలు మొదటి సెమిస్టర్‌కి చూసీచూడనట్టు పోతాయి. ఆ బాకీలన్నీ రెండో సెమిస్టర్ రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ రూపంలో, అంటే లెక్క తేలేదాకా రిజిస్టర్ చేసుకోనివ్వని అడ్డంకిగా వచ్చి కూర్చుంటాయి.

నేను టెక్సస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడ్వైజర్‌ని. ఇక్కడ రాస్తున్నది కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో చేరిన గుంటూరు జిల్లా అబ్బాయి కేసు. అతని అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఇందులో అరుదైన సమస్య ఒక్కటీ లేదు. ఉన్నవి నాలుగూ రోజూ చూసే హోల్డ్‌లే. వాటిని తీయించుకునే వరస తప్పినందువల్ల త్వరగా తేలాల్సిన పని డిసెంబర్ సెలవుల అంచుదాకా వెళ్లింది. ఏటా ఇదే వరసలో తప్పటడుగు వేసేవాళ్లు చాలామంది కనిపిస్తారు కాబట్టి వివరంగా చెబుతున్నాను.

హోల్డ్ పేజీలో ఏముంది

మా దగ్గర విద్యార్థుల రికార్డులకు వాడే సాఫ్ట్‌వేర్ పేరు బ్యానర్. పీపుల్‌సాఫ్ట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉన్నచోట హోల్డ్‌లను సర్వీస్ ఇండికేటర్లు అంటారు. పేజీ వేరుగా కనిపించినా పని ఒకటే. బ్యానర్‌లో విద్యార్థికి కనిపించే పట్టికలో హోల్డ్ రకం, మొదలైన తేదీ, ముగిసే తేదీ, బాకీ మొత్తం, కారణం, పెట్టినవారు, దానివల్ల ఆగే పనులు అని గడులు ఉంటాయి. అందరి కళ్లూ ముందు పడేది ముగిసే తేదీ మీద. అక్కడ 2099 డిసెంబర్ 31 అని ఉంటుంది. "మేడం, అప్పటిదాకా రిజిస్టర్ చేసుకోనివ్వరా?" అని ఈ అబ్బాయీ అడిగాడు, సగం నవ్వుతూ, సగం టెన్షన్‌తో. అది సిస్టమ్ తనంతట తాను వేసుకునే తేదీ. ఎవరో ఒకరు తీసేదాకా హోల్డ్ ఉంటుందని చెప్పడానికి తప్ప దానికి వేరే ప్రాముఖ్యం లేదు.

జాగ్రత్తగా చదవాల్సినవి చివరి రెండు గడులు. హోల్డ్ పెట్టిన ఆఫీసే దాన్ని తీయాలి. పెట్టేటప్పుడు రిలీజ్ అనే గడిలో టిక్ పెడితే, పెట్టిన ఉద్యోగి లాగిన్ నుంచి తప్ప ఇంకెవరూ దాన్ని కదిలించలేరు. అతని హోల్డ్‌లు నాలుగూ నా స్క్రీన్ మీద కనిపిస్తాయి, వాటిలో ఒక్కదాన్ని కూడా తీసే అధికారం నాకు లేదు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. "మీరు గట్టిగా ఒక మెయిల్ పెడితే అయిపోతుంది కదా" అంటారు. మెయిల్ పెడతాను. దానివల్ల అవతలి ఆఫీసు ఫైలు తెరిచి చూస్తుంది, అంతవరకే.

ఆగే పనుల గడి కూడా ముఖ్యమే. అతని నాలుగింట్లో మూడు రిజిస్ట్రేషన్‌ని మాత్రమే ఆపుతున్నాయి. ఫీజుల ఆఫీసు, అంటే బర్సర్ ఆఫీసు పెట్టింది ట్రాన్స్‌క్రిప్ట్‌ని, అంటే మార్కుల అధికారిక పత్రాన్ని కూడా ఆపుతోంది. బాకీ ఉందని ట్రాన్స్‌క్రిప్ట్ ఆపడాన్ని కాలిఫోర్నియా 2020 నుంచి చట్టం చేసి నిషేధించింది. ఆ వార్త చదివిన పిల్లలు రిజిస్ట్రేషన్ ఆపడం కూడా చెల్లదేమోనని వాదనకు దిగుతుంటారు. ఆ చట్టం ట్రాన్స్‌క్రిప్ట్ గురించి. పైగా మనం ఉన్నది టెక్సస్‌లో.

నా దగ్గరికి వచ్చేసరికి

నాలుగు హోల్డ్‌లలో ఒకటి డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ని కలవమని. రెండోది హెల్త్ సెంటర్‌ది: ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండో డోసు లేదు, టీబీ పరీక్ష లేదు. మూడోది అడ్మిషన్స్ ఆఫీసుది: డిగ్రీ పూర్తయినట్టు చూపే తుది ట్రాన్స్‌క్రిప్ట్ రాలేదు. నాలుగోది బర్సర్‌ది: పదిహేను వందల డాలర్లకు కాస్త తక్కువ బాకీ.

అతను మొదట పరిగెత్తింది బర్సర్ ఆఫీసుకి. డాలర్ల అంకె కనిపించేది అదొక్కటే కాబట్టి భయం కూడా దానిమీదే. బతిమాలి, చేతిలో ఉన్న కొంత డబ్బు కడితే, వాళ్లు హోల్డ్‌ని మర్నాడు సాయంత్రం దాకా తాత్కాలికంగా ఎత్తారు. సంబరంగా వెళ్లి రిజిస్టర్ నొక్కితే మళ్లీ అదే ఎర్ర అక్షరాల మెసేజ్, ఎందుకంటే మిగతా మూడూ అలాగే ఉన్నాయి. గడువు దాటాక రాత్రి సిస్టమ్ బాకీల లెక్క వేసుకునే ప్రోగ్రామ్ నడిచింది. బాకీ ఇంకా ఉంది, హోల్డ్ తిరిగొచ్చి పడింది.

అదే వారాంతంలో రూమ్మేట్ సలహామీద ఫార్మసీకి వెళ్లి ఎంఎంఆర్ రెండో డోసు వేయించుకున్నాడు. మంచి పనే. సోమవారం టీబీ రక్తపరీక్షకి క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి వెళితే నర్సు టీకా వేయించుకున్న తేదీ చూసి, నాలుగు వారాలాగి రమ్మంది. అప్పుడు వచ్చాడు నా దగ్గరికి.

ఈ నాలుగు వారాల సంగతి చాలామందికి తెలియదు. ఎంఎంఆర్‌లో ఉండేవి బలహీనపరిచిన, కాని సజీవమైన వైరస్‌లు. ఆ టీకా పడ్డాక కొన్నాళ్లు శరీరం టీబీ పరీక్షకి సరిగా స్పందించకపోవచ్చు, ఉన్న ఇన్ఫెక్షన్ లేనట్టు కనిపించవచ్చు. అందుకని పరీక్ష టీకా కంటే ముందు చేయించాలి, లేదా ఆ రోజే చేయించాలి. రెండూ కుదరకపోతే కనీసం నాలుగు వారాలు ఆగాలి. ఫార్మసీకి వెళ్లిన రోజు పొద్దున్నే రక్తం ఇచ్చి, మధ్యాహ్నం టీకా వేయించుకుని ఉంటే ఆ హోల్డ్ ఆ వారంలోనే పోయేది.

టీకాలు, టీబీ

మన పిల్లలకే ఈ హోల్డ్ ఎక్కువ పడటానికి కారణం ఉంది. ఇప్పుడు ఎంఎస్‌కి వస్తున్నవాళ్లు 2000 తర్వాత మొదటి నాలుగైదేళ్లలో పుట్టినవాళ్లు. వాళ్ల పసితనంలో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో తట్టు టీకా ఒక్క డోసే, తొమ్మిది నెలలకు వేసేవారు. రెండో డోసు కార్యక్రమంలోకి వచ్చింది 2010లో. రుబెల్లా 2017 నుంచి చేరింది. గవదబిళ్లల టీకా అందులో లేదు. ప్రైవేటు పిల్లల డాక్టర్ దగ్గర ఎంఎంఆర్ వేయించుకున్నా ఆ కార్డు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయి ఉంటుంది. ఇక్కడ అడిగేది కనీసం 28 రోజుల ఎడంతో రెండు ఎంఎంఆర్ డోసుల తేదీలు, కింద డాక్టర్ సంతకం. లేకపోతే మూడింటికీ రోగనిరోధకత ఉందని రక్తపరీక్ష రిపోర్టు. పాత కార్డు కోసం ఇల్లంతా వెతికించడం కంటే వీసా రాగానే మన ఊళ్లోనే రెండు డోసులూ మొదలుపెట్టడం తేలిక, చవక కూడా.

ఈ అబ్బాయి బయల్దేరే ముందు ఒక డోసు వేయించుకున్నాడు, రెండోదానికి టైము చాల్లేదు. టీబీకి గుంటూరులో చేయించిన మాంటూ పరీక్ష కాగితం తెచ్చాడు. చర్మం మీద చేసే ఆ పరీక్షతో మనవాళ్లకు చిక్కు ఏమిటంటే, పుట్టగానే వేసే బీసీజీ వల్ల జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. క్వాంటిఫెరాన్ లాంటి రక్తపరీక్షకి బీసీజీతో సంబంధం ఉండదు, అందుకే మా హెల్త్ సెంటర్ దాన్నే ఒప్పుకుంటుంది. ఒకవేళ అది పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు. ఎక్స్‌రే బాగుండి లక్షణాలేవీ లేకపోతే అది నిద్రాణ టీబీ, ఇంకొకరికి అంటదు. మందుల గురించి డాక్టర్ మాట్లాడతారు, చదువు ఆగదు. ఈ అబ్బాయికి నెగటివే వచ్చింది.

టెక్సస్‌లో మెనింజైటిస్ టీకా చట్టం కూడా ఉంది. కొత్తగా చేరేవాళ్లలో 22 ఏళ్లు నిండనివాళ్లకి గత ఐదేళ్లలో వేయించుకున్న టీకా, అదీ క్లాసులు మొదలయ్యే పది రోజుల ముందు పడి ఉండాలి. ఇతనికి 22 నిండాయి, అది తప్పింది. బీటెక్ అవగానే వచ్చేవాళ్లు పుట్టినరోజు ఒకసారి లెక్క చూసుకోవాలి.

ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్

మిగతావాటికంటే దీనిమీదే ఎక్కువ మెయిళ్లు నడిచాయి. కారణం గడిలో రాసింది ఒకే వాక్యం: డిగ్రీ ప్రదానం చూపే తుది అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ కావాలి. అబ్బాయి కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో (సీఎంఎం) స్కాన్ చేసి పంపాడు. వాళ్లు మళ్లీ అదే వాక్యం పంపారు. ఈసారి మెమోని ఇంకా స్పష్టంగా స్కాన్ చేసి పంపాడు. మళ్లీ అదే వాక్యం.

ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, ఒకరు అడుగుతున్నది ఇంకొకరికి తెలియడంలేదు. అమెరికాలో ట్రాన్స్‌క్రిప్ట్ ఒకటే కాగితం. మార్కులూ డిగ్రీ ఇచ్చిన తేదీ అందులోనే ఉంటాయి. మన దగ్గర మార్కులు సీఎంఎంలో, పాసైన సంగతి, డిగ్రీకి అర్హత ప్రొవిజినల్ సర్టిఫికెట్ (పీసీ)లో, అసలు పట్టా స్నాతకోత్సవం దగ్గర విడిగా వస్తాయి. సీఎంఎం ఒక్కటే పంపితే డిగ్రీ వచ్చిందో లేదో అడ్మిషన్స్ వాళ్లకు ఎలా తెలుస్తుంది? పైగా స్కాన్ కాపీ అధికారికం కిందకి రాదు. యూనివర్సిటీ పరీక్షల విభాగం కవరులో పెట్టి, అతికించిన చోట ముద్ర వేసి ఇచ్చినది తెరవకుండా చేరాలి, లేదా ఆ యూనివర్సిటీయే నేరుగా పంపాలి.

నేను అడ్మిషన్స్‌కి రాసిన మెయిల్ నాలుగు వాక్యాలు. భారతదేశంలో ఈ కాగితాలు వేర్వేరుగా ఉంటాయనీ, పీసీ, సీఎంఎం, సెమిస్టర్ వారీ ట్రాన్స్‌క్రిప్ట్ మూడూ సీలు కవరులో వస్తే సరిపోతుందా అనీ అడిగాను. సరిపోతుందని ఆ రోజే జవాబు వచ్చింది. ఆ మెయిల్ అబ్బాయికి పంపితే అతను వాళ్ల నాన్నకి పంపాడు. విద్యార్థి ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్, ఆధార్ కాపీ పట్టుకుని ఆయన యూనివర్సిటీ చుట్టూ తిరిగి కవరు తీసుకుని కొరియర్ చేశారు. డిసెంబర్ మొదటి వారంలో అందింది. పేరు విషయంలో మాత్రం ఒక చిన్న మెలిక పడింది. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. పాస్‌పోర్టు మొదటి పేజీ జత చేసి ఒక వివరణ లేఖ ఇస్తే ఒప్పుకున్నారు.

ఇక్కడికి వచ్చే ముందే పరీక్షల విభాగం నుంచి సీలు కవర్లు రెండు అదనంగా తీసుకుని, తెరవకుండా సూట్‌కేసులో వేసుకోండని చేరబోయే ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. ఫలితాలు జూన్‌లో వచ్చి ఆగస్టులో విమానం ఎక్కేవాళ్లకి అది కుదరదు. అందుకే ఈ హోల్డ్ ప్రతి ఏడాదీ ఉంటుంది.

డబ్బు

"అమ్మా, సెమిస్టర్ ఫీజు బ్యాంకువాళ్లు మొత్తం పంపారు గదా, ఇంకా ఈ బాకీ ఎక్కడిది?" అని వాళ్ల నాన్న అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆయనతో మాట్లాడింది అబ్బాయి నా ఎదురుగా కూర్చుని స్పీకర్ పెట్టి, తన రికార్డు గురించి చెప్పొచ్చని సంతకం చేశాకే. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డు మీద హక్కు విద్యార్థిదే. ఫీజు కట్టేది తండ్రే అయినా, విద్యార్థి అనుమతి లేకుండా ఆయనకు ఫోన్లో వివరాలు చెప్పం. అర్ధరాత్రి లేచి ఇండియా నుంచి ఫోన్ చేసే తల్లిదండ్రులకి ఇది కఠినంగా తోస్తుంది. అబ్బాయి ఒక ఫారం నింపితే పోతుంది.

బాకీలో ఎక్కువ భాగం హెల్త్ ఇన్సూరెన్స్. ఎఫ్-1 (మామూలు విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకి ఇన్సూరెన్స్ ఉండాలని ఫెడరల్ నిబంధన లేదు, జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) వాళ్లకే ఉంది. కాని మా యూనివర్సిటీలాంటి చాలా చోట్ల అంతర్జాతీయ విద్యార్థులందరి ఖాతాలోనూ ప్లాన్ ఖర్చు తనంతట తాను పడుతుంది. వేరే ప్లాన్ ఉంటే గడువులోపు వేవర్, అంటే మినహాయింపు అడగాలి. ఇతను ఇండియాలో కొన్న ట్రావెల్ పాలసీ ఉంది కదా అని ఊరుకున్నాడు. అలాంటి పాలసీలు యూనివర్సిటీ అడిగే కవరేజీకి సాధారణంగా సరిపోవు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ పంపింది ట్యూషన్ ఇన్వాయిస్ మీద కాబట్టి ఇన్సూరెన్స్ అందులోకి రాలేదు. దీనికి తోడు డబ్బు వచ్చేదారిలో మధ్యవర్తి బ్యాంకు కోసుకున్న ఇరవై డాలర్లు. ఆ చిల్లర ఆగస్టు నుంచి అలాగే ఉండిపోయింది.

రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఆఫర్ తిరుగుతోంది: మీ ఫీజు మేం కడతాం, మాకు పది శాతం తగ్గించి ఇవ్వండి. ఈ అబ్బాయి అటు వెళ్లబోయి నన్ను అడిగాడు, మంచిదైంది. వాళ్లు కట్టేది దొంగిలించిన కార్డులతో. మొదట ఖాతాలో కట్టినట్టే కనిపిస్తుంది. కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేయగానే డబ్బు వెనక్కి పోతుంది, బాకీ మొత్తం తిరిగి వస్తుంది, దానిమీద జరిమానా. వాళ్లకిచ్చిన డబ్బు గోవిందా. ఆ హోల్డ్ తీయించడం ఈ నాలుగూ కలిపిన దానికంటే కష్టం.

తండ్రి బ్యాంకుకి వెళ్లి విదేశానికి డబ్బు పంపే ఏ2 ఫారం నింపి మిగతా డబ్బులో సగం పంపారు. ఆ ఆర్థిక సంవత్సరంలో ఆయన పాన్ మీద వెళ్లింది 10 లక్షల రూపాయలు దాటలేదు కాబట్టి టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడలేదు. మిగతా సగానికి బర్సర్ ఆఫీసు వాయిదాల ప్లాన్ ఇచ్చింది. ఈసారి బ్యాంకు ఛార్జీలన్నీ పంపేవారే భరించేలా పెట్టమన్నాం, చిల్లర తగ్గలేదు.

వరస

నేను మార్చింది వరస ఒక్కటే. అంకె పెద్దగా ఉన్నదాన్ని పక్కన పెట్టి, ఎక్కువ రోజులు పట్టేదాన్ని ముందు కదిలించాం. సీలు కవరు సముద్రం దాటి రావాలి, అది మొదటి రోజే మొదలైంది. టీబీకి నాలుగు వారాలు ఆగక తప్పదు, ఆ తేదీకి హెల్త్ సెంటర్‌లో అప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ని మధ్యలో ఒక రోజు కలిశాడు, పావుగంటలో అయిపోయింది. బర్సర్‌ని చివరికి ఉంచాం. వాళ్లిచ్చే సడలింపు కొన్ని గంటలే బతుకుతుంది. మిగతావన్నీ తొలగినట్టు పేజీలో కనిపించాకే దాన్ని వాడుకోవాలి.

డిసెంబర్ మధ్యలో టీబీ రిపోర్టు అప్‌లోడ్ అయింది. మర్నాటికి హెల్త్ హోల్డ్ పోయింది. అడ్మిషన్స్‌ది అంతకు ముందే పోయింది. అప్పుడు బర్సర్ ఆఫీసులో వాయిదాల మొదటి మొత్తం కట్టి, కౌంటర్ దగ్గరే నిలబడి, వాళ్లు హోల్డ్ తీయగానే ఫోన్లో రిజిస్టర్ చేసుకున్నాడు. క్రిస్మస్ సెలవులకు ఆఫీసులన్నీ మూతపడటానికి ఇంకా కొద్దిరోజులే ఉంది.

ఆలస్యానికి మూల్యం కోర్సుల ఎంపికలో తెలిసింది. డిమాండ్ ఉన్న కోర్సుల్లో క్యాంపస్ సెక్షన్లు నిండిపోయి, ఖాళీగా ఉన్నవి ఎక్కువగా ఆన్‌లైన్ సెక్షన్లు. మాస్టర్స్‌లో ఫుల్ టైమ్ అంటే మా దగ్గర తొమ్మిది క్రెడిట్లు. ఎఫ్-1 విద్యార్థికి అందులో ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లే లెక్కకి వస్తాయి. ఖాళీ ఉంది కదా అని మూడూ ఆన్‌లైన్ తీసుకుంటే ఫీజు కట్టి వీసా స్టేటస్ పోగొట్టుకున్నట్టే. అతను రెండు క్యాంపస్ కోర్సులు, ఒకటి ఆన్‌లైన్ తీసుకున్నాడు. రెండింట్లో ఒకటి అతను కోరుకున్నది కాదు. మెషీన్ లెర్నింగ్‌కి వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టాడు, సీటు రాలేదు.

జనవరికి కూడా హోల్డ్ తీరకపోతే ఏమయ్యేదని అతను తర్వాత అడిగాడు. సెమిస్టర్ మొదలైన 30 రోజుల్లోపు విద్యార్థి ఫుల్ టైమ్ చదువుతున్నాడని మేం సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ సిస్టమ్‌లో నమోదు చేయాలి. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో క్లాసుల పన్నెండో రోజు రిజిస్టర్ అయినవాళ్ల లెక్క ఖరారవుతుంది, ఆ తర్వాత కోర్సు చేర్చడం దాదాపు అసాధ్యం. క్రెడిట్లు తగ్గించుకోవడానికి అనారోగ్యం, మొదట్లో చదువులో ఇబ్బంది, చివరి సెమిస్టర్ లాంటి కారణాలకే నేను అనుమతి ఇవ్వగలను. డబ్బు లేకపోవడం ఆ జాబితాలో లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా ఇక్కడే ఉండిపోతే సెవిస్ రికార్డు టెర్మినేట్ అవుతుంది, అంటే రద్దవుతుంది. ముందే చెప్పి ఆ సెమిస్టర్‌కి దేశం వదిలి వెళ్లడం నయం. వేసవిలో సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేయాలన్నా సాధారణంగా ఒక పూర్తి అకడమిక్ సంవత్సరం చదివి ఉండాలి, స్ప్రింగ్ పోతే అదీ పోతుంది.

ఇన్సూరెన్స్ వేవర్ కోసం వేసిన అప్పీలు తిరస్కరించారు. స్ప్రింగ్‌కి అతను యూనివర్సిటీ ప్రమాణాలకు సరిపోయే వేరే ప్లాన్ కొని, వేవర్ ఫారం క్లాసులు మొదలుకాకముందే పెట్టాడు, ఆ ఛార్జీ ఖాతాలోంచి తీసేశారు. వాయిదాల్లో ఆఖరిది మార్చిలో కట్టాడు. సమ్మర్ రిజిస్ట్రేషన్ తెరిచిన రోజున హోల్డ్ పేజీ ఖాళీగా ఉంది.